అన్నంలో రైబోఫ్లావిన్ ఎంత?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా ధాన్యాగారంగా పేరు పొందింది. అయినా అక్కడ కడుపునిండా అన్నం తినేవారికి కూడా నోటి మూలలు చీలడం, నాలుక ఎర్రబడి మండటం వంటి బాధలు రావచ్చు. మనం "వేడి చేసింది" అని సరిపెట్టుకుంటాం. రైబోఫ్లావిన్, అంటే బి2 విటమిన్, చాలకపోవడం దీనికి ఒక కారణం.

ఒక లెక్క వేసి చూడండి. పాలిష్ పట్టిన 100 గ్రాముల బియ్యంలో ఇది సుమారు 0.05 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజుకు 400 గ్రాములు వండుకున్నా 0.2 మి.గ్రా. మాత్రమే. తేలికపాటి పని చేసే పురుషునికి భారత వైద్య పరిశోధనా మండలి సిఫారసు 2 మి.గ్రా. అంటే పదో వంతే అందింది! ఊడ్పుల్లో, కోతల్లో శ్రమించేవారికి ఇంకా ఎక్కువ కావాలి. ఎందుకంటే ఈ విటమిన్ శరీరంలో ఎఫ్.ఎం.ఎన్., ఎఫ్.ఎ.డి. అనే సహ ఎంజైములుగా మారి, ఆహారం నుంచి శక్తి విడుదలకు తోడ్పడుతుంది. ఇది నీటిలో కరుగుతుంది కాబట్టి గంజి వారిస్తే ఉన్నదాంట్లోనూ కొంత పోతుంది.

పావు లీటరు పాలు తాగితే ఆ రోజంతా తిన్న అన్నం కంటే ఎక్కువే అందుతుంది. పెరుగు, గుడ్లు, కాలేయం, ఆకుకూరలు కూడా మంచివే. రైబోఫ్లావిన్ వంట వేడికి అంతగా చెడదు గాని వెలుతురుకు చెడుతుంది. పాలను గాజు సీసాలో పోసి ఎండలో ఉంచకండి.

నోటి మూలలు చీలినంత మాత్రాన ఇదే లోపమని తేల్చలేం. ఇనుము లోపించినా అలాగే చీలతాయి. అందుకే ఎర్ర రక్తకణాల్లోని గ్లూటాథయోన్ రిడక్టేజ్ ఎంజైముకు ప్రయోగశాలలో ఎఫ్.ఎ.డి. కలిపి చూస్తారు. దాని చురుకుదనం బాగా పెరిగితే, ఆ వ్యక్తికి రైబోఫ్లావిన్ చాలడం లేదన్నమాట.