ఇన్సూరెన్సులో ప్రభుత్వం ఎంతవరకు ఉండాలి?



ఓ.పి. చీటీ రాయించుకునే చోట, వార్డులో పేషెంట్ల బంధువుల మధ్య ఒక వాదన తరచుగా వినిపిస్తుంది. "కార్డు ఉంటే చాలు, అంతా ప్రభుత్వమే చూసుకుంటుంది" అని ఒకరంటారు. "ఆ డబ్బేదో పెద్దాసుపత్రిలో మందులకు, డాక్టర్లకు పెడితే పోదా, కంపెనీలకు ధారపోయడం ఎందుకు" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే ఈ సంచికలో ఆ సంగతి వివరంగా చెప్పుకుందాము.

ముందు ఇన్సూరెన్సు అంటే ఏమిటో చూద్దాం. మన స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం తీసే అలవాటు మీకు తెలిసిందే. వండేటప్పుడు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు వేరే డబ్బాలో వేస్తుంది. దానివల్ల ఏ ఇంట్లోనూ అన్నం తక్కువ కాదు. అన్నీ పోగైతే మాత్రం ఆపదలో ఉన్న ఒక కుటుంబం గట్టెక్కుతుంది. ఇన్సూరెన్సూ అంతే. అందరూ కొంచెం కొంచెం వేస్తారు, జబ్బు పడినవారికి అందులోనుంచి ఖర్చు పెడతారు. చిక్కల్లా ఆ డబ్బా ఎవరి దగ్గర ఉండాలి, పిడికెడు కూడా వేయలేని వారి మాటేమిటి అనే దగ్గర వస్తుంది. పైగా ఆరోగ్యంగా ఉన్నవారు "నాకెందుకులే" అని మానుకుని జబ్బు ఉన్నవారే చేరితే డబ్బా తొందరగా ఖాళీ అవుతుంది. అందుకే ప్రైవేటు కంపెనీలు షుగరు ఉందా, బి.పి. ఉందా అని ముందే అడుగుతాయి. ఉంటే ప్రీమియం ఎక్కువ వేస్తాయి, ఆ జబ్బుకు మూడేళ్ళ వరకు ఆగమని చెప్పవచ్చు. వారిని తిట్టి లాభం లేదు, అది వ్యాపారం. కూలికి పోయే కుటుంబం అందులో చేరలేదు. కాబట్టి వారి పిడికెడు ప్రభుత్వం వేయాలన్న దగ్గర పెద్దగా తగాదా లేదు. ఎలా వేయాలన్నదే తగాదా.

మన రాష్ట్రంలో ఇది 2007 ఏప్రిల్‌లో మొదలైంది. అంతకు ముందు గుండెలో రంధ్రం ఉన్న పిల్లల ఆపరేషన్లకు ముఖ్యమంత్రి సహాయనిధి కోసం తల్లిదండ్రులు అర్జీలు పట్టుకుని హైదరాబాదు తిరిగేవారు. లేదా ఉన్న అరెకరం అమ్ముకునేవారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం ఆరోగ్యశ్రీని మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో పెట్టింది. తెల్లకార్డు కుటుంబానికి సంవత్సరానికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు. అప్పుడు ప్రభుత్వం ప్రీమియం కడితే, ఆసుపత్రులకు ఇన్సూరెన్సు కంపెనీ డబ్బు ఇచ్చేది. 2008 నుండి చాలా ఆపరేషన్లకు కంపెనీ లేకుండా ప్రభుత్వ ట్రస్టే నేరుగా చెల్లించసాగింది.

కంపెనీ ఉంటే బిల్లులను గట్టిగా తనిఖీ చేస్తుంది, ప్రభుత్వానికి ఎంత ఖర్చో ముందే తెలుస్తుంది అని కొందరంటారు. ట్రస్టు అయితే మిగిలిన సొమ్ము లాభంగా బయటికి పోదు, పేషెంటుకు "కాదు" అని చెప్పాలనే తొందర కూడా ఉండదు అని ఇంకొందరంటారు. ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి పది లక్షలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో పాతిక లక్షలు చేశారు. మళ్ళీ 2025 సెప్టెంబరులో ఆంధ్ర మంత్రివర్గం, రెండున్నర లక్షల వరకు ఇన్సూరెన్సు కంపెనీ, ఆపైన ట్రస్టు అనే పద్ధతికి ఆమోదం తెలిపింది. నా మట్టుకు నాకు డబ్బా ట్రస్టు దగ్గర ఉండడమే మేలనిపిస్తుంది. అయితే ట్రస్టు సమయానికి డబ్బు ఇవ్వాలి. 2025లో రెండు రాష్ట్రాలలోనూ బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రుల సంఘాలు ఈ సేవలు నిలిపివేశాయి. కార్డు మీద పాతిక లక్షలని ఉన్నా ఆరోజు తలుపు దగ్గరికి వచ్చిన పేషెంటుకు దానివల్ల ఏమి ఉపయోగం?

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోనులో చెప్పేదీ ఇలాంటి తగాదానే. అక్కడ చాలామందికి ఇన్సూరెన్సు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది, ఉద్యోగం పోతే అదీ పోతుంది. అరవై ఐదు దాటినవారికి ప్రభుత్వం 1965లో మెడికేర్ పెట్టింది. పాత జబ్బు ఉందని కంపెనీలు కాదనకూడదని 2010లో చట్టం చేశారు. ఇన్నేళ్ళయినా అక్కడ ఎన్నికలలో ఆ మాటే. (చూడడానికి వెళ్ళే తల్లిదండ్రులకు మెడికేర్ రాదు, వేరే పాలసీ తీసుకుని వెళ్ళండి.)

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్నది. వార్డులో పనిచేసే మాకు కనబడేది, ఇన్సూరెన్సు దేనికి డబ్బు ఇస్తుందో ఆ వైద్యమే పెరుగుతుంది. బెడ్ మీద పడుకుంటే డబ్బు వస్తుంది, పడుకోకుండా చూస్తే రాదు. కిడ్నీలు పాడైనవారికి డయాలసిస్ ఈ పథకంలో ఉంది, అది ఎందరి ప్రాణాలో నిలబెడుతున్నది. కానీ ఆ కిడ్నీలు ఎందుకు పాడయ్యాయి? పదేళ్ళు బి.పి. చూపించుకోక, షుగరు మాత్రలు సగం వేసుకుని సగం మానేసి ఎక్కువమంది ఆ స్థితికి వస్తున్నారు. ఆ మాత్రలు బయట షాపులో కొంటే కార్డు పనికిరాదు. అవి ఉచితంగా దొరకవలసిన చోటు పి.హెచ్.సి. అక్కడ స్టాకు లేకపోతే పేషెంటు రెండు నెలలు మందు మానేస్తాడు. మాత్రకు పెట్టవలసిన రూపాయలు పెట్టకపోతే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పెట్టవలసి వస్తుంది. పెద్దాసుపత్రికి, పి.హెచ్.సి.కి పెట్టమని వాదించేవారి మాటలో నాకు బాగా నచ్చేది ఇదే. 1946లోనే భోర్ కమిటీ, డబ్బు లేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని, వైద్యం పల్లెకు దగ్గరగా ఉండాలని చెప్పింది.

రెండో సంగతి ముఖ్యంగా స్త్రీలకు. తెల్లబట్ట అవుతున్నదని, నడుము నొప్పి అని వచ్చిన ముప్ఫై ఏళ్ళ అమ్మాయిలకు గర్భసంచి తీసేయడం మన జిల్లాలలో చూశాము. ఇన్సూరెన్సు డబ్బు వచ్చాక ఇది ఇంకా పెరిగిందన్న ఫిర్యాదులు వచ్చాయి. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అనవసరంగా గర్భసంచి తీయకుండా మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన లక్షణాలు వెంటనే మొదలై, ఎముకలు ముందుగానే బలహీనపడతాయి. "ఎలాగూ ఉచితమే గదా, తీయించేద్దాం" అనే మాట మీ ఇంట్లో ఎవరైనా అంటే ఆపండి. ఇంకొక డాక్టరమ్మ గారికి చూపించి, మందులతో తగ్గుతుందేమో అడగండి. కేన్సరు భయం ఉంటే పరీక్ష చేయించుకుని తెలుసుకోవచ్చు.

దేశం మొత్తం మీద కొంత మేలు జరిగిన మాట నిజం. 2013-14లో ఆరోగ్యానికి అయిన ఖర్చులో నూటికి 64 రూపాయలు జనం తమ జేబులోనుంచే పెట్టేవారు. 2021-22 నాటికి అది 39 అయిందని ప్రభుత్వ లెక్క. ఆ 39 కూడా చిన్నది కాదు.

చివరగా కార్డు ఉన్నవారికి కొన్ని మాటలు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు రేషను కార్డు, ఆధారు, పాత చీటీలు, ఎక్స్‌రేలు అన్నీ తెచ్చుకోండి. పథకం ఉన్న ఆసుపత్రిలో ముందుగా ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్ళండి. ఆపరేషనుకు అనుమతి వచ్చిందో లేదో వారే చెబుతారు. ప్యాకేజీలో ఉన్న దానికి విడిగా డబ్బు అడిగితే రసీదు ఇవ్వమనండి, ఆరోగ్యమిత్రకు చెప్పండి. ఇంటికి పంపేటప్పుడు మళ్ళీ ఎప్పుడు రావాలి, ఏ మందులు ఉచితం అని అడిగి రాయించుకోండి. డెబ్బై ఏళ్ళు నిండిన పెద్దవారికి 2024 అక్టోబరు నుండి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్‌లో ఐదు లక్షల వరకు అవకాశం ఉంది. పెన్షను వస్తున్నదని ఊరుకోకండి, ఆధారుతో పేరు నమోదు చేయించండి. దాని వివరాలకు 14555, రాష్ట్ర పథకం వివరాలకు 104 నంబరుకు ఫోను చేయండి.