నడిరేయి పద్యము ఎంత దూరము పోవును?

సంక్రాంతి వెళ్లి ధాన్యము ఇళ్లకు చేరిన తరువాత గోదావరి డెల్టా గ్రామములలో నాటకముల కాలము మొదలవుతుంది. శివరాత్రికో, శ్రీరామనవమికో, అమ్మవారి జాతరకో పందిరి వేసి తెర కడతారు. రాత్రి తొమ్మిదింటికో పదింటికో హార్మోనియము శ్రుతి అందుకున్నదంటే తెల్లవారుజామున గాని ఆట ముగియకపోవటము పూర్వాచారము. కాలువకు అవతల, ఒకటి రెండు కిలోమీటర్ల దూరములోని ఊరిలో అరుగుమీద పడుకున్నవానికి కృష్ణుని పద్యము నడిరేయి చక్కగా చెవిని పడుతుంది. విచిత్రమేమంటే, అదే మైకులో మధ్యాహ్నము మూడు గంటలకు “ఈ రాత్రికి నాటకము కలదు” అని చేసిన ప్రకటన అతనికి బొత్తిగా వినిపించలేదు.

రాత్రి నిశ్శబ్దముగా ఉంటుంది కనుక వినిపిస్తుందని అందరూ చెప్పే సమాధానము. అది సగమే నిజము. పగలు బండ్లు, మోటార్లు, కాకులు, మనుషుల మాటలు కలిసి చేసే సందడిలో దూరపు శబ్దము మునిగిపోతుందన్న మాట సరియైనదే. అయితే పగటిపూట అన్ని చప్పుళ్లూ ఒక్క క్షణము ఆగిపోయినా ఆ ప్రకటన అవతలి ఊరికి చేరేది కాదు. మిగిలిన సగము కారణము గాలిలో ఉన్నది.

గాలిలో శబ్దవేగము వేడిని బట్టి మారుతుంది. సున్న డిగ్రీల వద్ద సెకండుకు 331 మీటర్లు. ప్రతి సెంటిగ్రేడు డిగ్రీకి సుమారు 0.6 మీటరు చొప్పున హెచ్చుతుంది. పగలు ఎండకు నేల కాగి, నేలనంటిన గాలి వేడెక్కుతుంది. పైకి పోయినకొద్దీ చల్లదనము. రాత్రి ఇది తారుమారవుతుంది. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశములోనికి వెదజల్లి త్వరగా చల్లబడుతుంది. దానిని తాకిన గాలి కూడ చల్లబడుతుంది. కొన్ని మీటర్ల పైనున్న గాలి మాత్రము ఇంకా వెచ్చగానే ఉంటుంది. దీనిని ఉష్ణోగ్రతా విలోమము అంటారు.

జోడెడ్ల బండి ఒక చక్రము గట్టినేలపైన, ఒక చక్రము బురదలోను పోతున్నదనుకుందాము. బురదలోని చక్రము వెనుకబడుతుంది, బండి ఆ వైపుకే తిరుగుతుంది. శబ్దతరంగము నడకా ఇట్టిదే. ఏ పొరలో వేగము తక్కువో ఆ వైపునకు వంగుతుంది. పగలు పైగాలి చల్లన కనుక శబ్దము ఆకాశమువైపు వంగి, కొంతదూరము తరువాత నేలపైనున్న వాని తలమీదుగా వెళ్లిపోతుంది. అక్కడ శబ్దమునకు ఒక నీడ పడినట్లవుతుంది. రాత్రి క్రిందిగాలి చల్లన. పైకి పోబోయిన శబ్దము మరల నేలమీదికి వంగి దిగుతుంది. వాతావరణములో శబ్దము ఇట్లు వక్రీభవనము చెందుతుందని ఆస్బర్న్ రేనాల్డ్స్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1874లో వివరించినాడు.

ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. నేలమీదికన్న 20 మీటర్ల ఎత్తున గాలి 2 డిగ్రీలు వెచ్చగా ఉన్నదనుకుంటే, మీటరుకు పదవవంతు డిగ్రీ తేడా. అప్పుడు శబ్దమార్గము దాదాపు 5,750 మీటర్ల వ్యాసార్ధము గల వృత్తములో ఒక చాపముగా వంగుతుంది. నేలకు 5 డిగ్రీల వాలులో పైకి బయలుదేరిన శబ్దము సుమారు 22 మీటర్ల ఎత్తుకు ఎక్కి, ఒక కిలోమీటరు అవతల నేలను తాకుతుంది. అక్కడనుండి పరావర్తనము చెంది మరల ఎక్కి మరల దిగుతుంది. డెల్టాలో అడ్డుగా కొండలు లేవు. నేల బల్లపరుపు. గాలి కదలని చలికాలపు రాత్రులు ఇందుకు మిక్కిలి అనుకూలము. గాలి వీచేటప్పుడు మాత్రము లెక్క వేరు: వీచే దిక్కున శబ్దము క్రిందికి, ఎదురు దిక్కున పైకి వంగుతుంది.

అయితే చేరేది ఏమిటి? దూరమునుండి విన్నవారిని అడిగితే రాగము తెలిసింది కాని మాట తెలియలేదంటారు. పద్యములోని అచ్చులు బలమైనవి, తక్కువ పౌనఃపున్యము కలవి. స, శ, త, క వంటి హల్లుల గుర్తులు హెచ్చు పౌనఃపున్యములలో ఉంటాయి, బలమూ తక్కువే. హెచ్చు పౌనఃపున్యములను గాలి ఎక్కువగా హరిస్తుంది. అందుచేత సమాసములన్నీ దారిలో రాలిపోయి, పద్యము చివర నటుడు తీసిన దీర్ఘాలాపన మాత్రము కాలువ దాటుతుంది. “వన్స్‌మోర్” అన్న కేకలో కూడ మిగిలేది అచ్చులే!

మైకులు లేని కాలములో నటునికి గొంతే ఆధారము. 1880లో కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరములో తెలుగు నాటకమును ప్రదర్శింపజేసిన నాటికి, తరువాత చిలకమర్తి లక్ష్మీనరసింహము “గయోపాఖ్యానము” ఊరూరా ఆడిన నాటికి విద్యుత్తు పరికరములు లేవు. గట్టి గొంతుకు ఒక మీటరు దూరములో 90 డెసిబెల్‌లు ఉన్నదనుకుందాము. దూరము రెట్టింపైనప్పుడెల్లా 6 డెసిబెల్‌లు తగ్గుతాయి. కిలోమీటరు దగ్గర మిగిలేవి 30. నిశిరాత్రి పల్లెలో అది లీలగా వినబడీ వినబడని ధ్వని. ఎవరి నిద్రా చెడదు. చెట్టుకు కట్టిన హారన్ ఒక మీటరు దూరములో 110 డెసిబెల్‌లు ఇస్తే అదే చోట 50 మిగులుతాయి.

ఇక్కడనే చిక్కు వచ్చింది. శబ్దకాలుష్యముపై 2000లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము నివాసప్రాంతములలో రాత్రి పరిమితి 45 డెసిబెల్‌లు. రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు ఆరుబయట లౌడుస్పీకరు కూడదు. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమములకు ఏడాదిలో 15 రోజులు మించకుండ అర్ధరాత్రి 12 వరకు రాష్ట్రప్రభుత్వము సడలింపు ఇవ్వవచ్చును. నాటకముల కాలమూ పరీక్షల కాలమూ ఒకటే కావటము మరొక ఇబ్బంది. అవతలి ఊరిలో దీపము ముందు కూర్చున్న పదవ తరగతి విద్యార్థికి రాగము మాత్రమే వినిపించే పద్యము ఆనందమీయదు. ఇటు చూస్తే, తెల్లవార్లూ ఆడవలసిన నాటకమును రెండు గంటలలో కుదించితే అందులో కూలిపోయేది హార్మోనిస్టు, తబలిస్టుల బ్రతుకు.

మూసిన హాలులోనికి పోతే, ఆ హాలు వరకే వినిపించే మైకుకు ఈ నిషేధము వర్తించదు. అక్కడ ఇంకొక కథ మొదలవుతుంది. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో ఒక ఉపన్యాసశాలలో మాట పలికితే సుమారు ఐదున్నర సెకండ్లు మ్రోగుతూనే ఉండేది. దానిని బాగుచేయు పని వాలెస్ సబీన్ అను యువ అధ్యాపకునికి అప్పగించినారు. పగటి చప్పుడు తప్పించుకొనుటకు ఆయన నడిరేయి పరిశోధించేవాడు. ప్రక్కనున్న శాండర్సు నాటకశాలనుండి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి, ఎన్ని దిండ్లు పరిస్తే మ్రోత ఎంత తగ్గుతున్నదో కొలిచేవాడు. తెల్లవారేసరికి దిండ్లు మరల స్వస్థానము చేరాలి. అట్లు తేలిన సూత్రము: మ్రోత నిలుచు కాలము హాలు ఘనపరిమాణమునకు అనులోమముగాను, శబ్దమును పీల్చు తలముల మొత్తమునకు విలోమముగాను ఉంటుంది.

20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తుగల సామాన్యపు హాలును తీసుకొనుడు. సున్నపు గోడలు, చెక్క కుర్చీలు. గోడలూ కుర్చీలూ కలిసి 60 ప్రమాణములు పీల్చుకుంటాయనుకుంటే ఖాళీ హాలులో మ్రోత 3.9 సెకండ్లు. 400 మంది వచ్చి కూర్చుంటే, మనిషికి 0.45 చొప్పున, అది ఒక సెకండుకు దిగుతుంది. ప్రేక్షకుడు టిక్కెట్టు కొనటమే కాక తన బట్టలతో శబ్దమును పీల్చి పద్యమును శుభ్రపరుస్తున్నాడన్నమాట! అర్ధరాత్రి దాటేసరికి కొందరు ఇళ్లకు పోతారు, కొందరు వరండాలో టీ త్రాగుతూ నిలబడతారు. లోపల వందమంది మిగిలితే మ్రోత 2.2 సెకండ్లు. ఒక పాదము తోక రెండవ పాదముమీద పడుతుంది. అప్పుడు మైకు పెంచటము వల్ల ప్రయోజనము లేదు. పెంచినకొద్దీ మ్రోత కూడ పెరుగుతుంది. అనుభవమున్న నటుడు ఎవరూ చెప్పకుండానే పద్యమును నిదానిస్తాడు. గోడలకు నాలుగు మందపు తెరలు దించితే ఇంకా మంచిది. (ఆ వేళకు చెమ్మ పీల్చి చర్మము సడలిన తబలాను సుత్తితో సరిచేసుకొనుట కూడ అక్కడ వినిపించే సంగీతములో భాగమే.)

ఆరుబయలులో ఆడేవారికి కూడ ఒక ఉపాయము కలదు. 30 మీటర్ల దూరములోని శ్రోతకు 75 డెసిబెల్‌లు అందాలంటే ఒకే హారన్ ఒక మీటరు వద్ద 105 డెసిబెల్‌లు ఇవ్వాలి. దాని బదులు ఎనిమిది చిన్న స్పీకర్లను జనము మధ్య, ఎవరికీ 5 మీటర్లు మించని దూరములో, నేలవైపు వంచి పెడితే ఒక్కొక్కటి 89 ఇస్తే చాలును. కిలోమీటరు అవతల మొదటిది 45 డెసిబెల్‌లు, ఎనిమిదీ కలిసి 38. పందిరిలో కూర్చున్నవానికి తేడా తెలియదు. హారన్‌ను కొబ్బరిచెట్టు తలకు కట్టించటము చాలామందికి గొప్పగా కనిపిస్తుంది గాని, అక్కడనుండి పోయే శబ్దములో పెద్దభాగము పందిరిలోని వారికి చేరదు.

పాఠశాలలో దీనిని పరీక్షించుట కష్టము కాదు. రెండు ఒకే రకపు ఉష్ణమాపకములు తీసుకొని, ఒకటి నేలకు మోకాలెత్తున, మరొకటి మేడమీద పొడవైన కర్రకు కట్టి, మధ్యాహ్నము రెండింటికి, మరల సూర్యోదయమునకు ముందు చూడవలెను. మధ్యాహ్నపు కొలతలో ఎండ నేరుగా తగలకుండ అట్టముక్క అడ్డము పెట్టాలి. రాజమహేంద్రవరము చుట్టుప్రక్కల విద్యార్థులైతే ఆ రెండు వేళలలోనూ గోదావరి వంతెనపై రైలు చప్పుడు ఎంత దూరము వినిపించినదీ, గాలి ఏ దిక్కునుండి వీచినదీ పట్టికలో వ్రాసుకొనవచ్చును. మబ్బుపట్టిన రాత్రి, మబ్బులేని రాత్రి వేరువేరుగా గుర్తించాలి. మబ్బు నేల వేడిని ఆపుతుంది కనుక ఆనాడు రెండు ఉష్ణమాపకములూ దాదాపు ఒకే అంకె చూపుతాయి.