శంషాబాద్ టు శాన్‌ఫ్రాన్సిస్కో: 15 గంటలా, 31 గంటలా?

ఫోన్ తీసి హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరమో వెతకండి. గీత గీసినట్టు వెళ్తే దాదాపు 13,500 కిలోమీటర్లు. పెద్ద విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంటే 15 గంటలు. లెక్క కరెక్టే. కానీ అన్ని గంటల్లో ఇంటికొచ్చినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు, ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా తిరిగే విమానం లేదు కాబట్టి.

దుబాయ్ మీదుగా వస్తే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి దుబాయ్‌కి 13,000, అక్కణ్నుంచి మనకి 2,500 కిలోమీటర్లు. 2,000 ఎక్కువ. గాల్లో అది రెండు గంటల పైచిలుకే. అసలు టైమంతా నేల మీద పోతుంది.

అమ్మకి ఉన్నట్టుండి ఆపరేషన్ అన్నారు. 30 గంటల టైముంది. కాలిఫోర్నియాలో ఉన్న అక్క "అందుకుంటానంటావా?" అనడిగింది. "ముందు బయల్దేరక్కా" అన్నాను. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు, చెకిన్, వెయిటింగ్ నాలుగు గంటలు. మొదటి విమానం పదహారు. దుబాయ్‌లో ఐదు. తర్వాతి విమానం మూడున్నర. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్, లగేజీ, ఆస్పత్రికి కారు రెండున్నర. మొత్తం 31. అమ్మని థియేటర్‌లోకి తీసుకెళ్లిన గంటకి వచ్చింది అక్క. ఆపరేషన్ బాగానే జరిగింది. కళ్లు తెరిచేసరికి పక్కనే ఉంది.

ముందురోజు రాత్రంతా నాన్న, నేను ట్రాకింగ్ యాప్ చూస్తూ కూర్చున్నాం. "ఇదేంట్రా, ఇండియాకి రావాల్సింది పైకి పోతోంది?" అని నాన్న కంగారు. భూమి గుండ్రం కదా! గ్లోబు మీద ఈ రెండు ఊళ్లకీ దారం బిగించి పట్టుకుంటే అది కూడా ఉత్తరానికే వంగుతుంది. ఫోన్‌లో మ్యాపు చదును కాబట్టి అడ్డంగా గీస్తే దగ్గరనిపిస్తుందంతే. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిరిండియా మొదటి నాన్‌స్టాప్ విమానం వచ్చింది ఉత్తర ధ్రువం మీదుగానే. కెప్టెన్ జోయా అగర్వాల్, మిగతా పైలట్లూ మహిళలే. దాదాపు 14,000 కిలోమీటర్లు, 17 గంటలు.

దూరం ఒకటే అయినా పోయేటప్పటి టైమూ వచ్చేటప్పటి టైమూ ఒకటి కావు. భూమి తిరగడం వల్ల అని చాలామంది చెబుతారు, కాదు. గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది. అసలు కారణం జెట్ స్ట్రీమ్: పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి వీచే గాలి. ఒక్కోసారి గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. వెనక నుంచి తోస్తే అదృష్టం, ఎదురొస్తే గంటలు పెరుగుతాయి. పైగా దేశాలు గగనతలం మూసేస్తే చుట్టు తిరగాలి. 2022 నుంచి అమెరికా విమానాలకి రష్యా మీద దారి లేదు.

టికెట్ మీద తేదీలు చూసి మాత్రం లెక్కేయకండి. కాలిఫోర్నియా మనకన్నా చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక, ఎండాకాలంలో పన్నెండున్నర. కింద చిన్న అక్షరాల్లో మొత్తం ప్రయాణ సమయం ఉంటుంది, అది చూడండి. దానికి ముందు నాలుగు గంటలు, తర్వాత రెండున్నర కలపండి. మీది వరంగలో, గుంటూరో అయితే ఇంకాస్త.