నెలకోసారి జరిగే మీటప్‌లు: మనవాళ్లకు వాటితో పనేమిటి?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని వార్డెన్ సార్ కబురు పెట్టినప్పుడు, చదువు గొప్పతనం గురించి కాకుండా, రేపు వెళ్లి వాడుకోగలిగిన సంగతి ఒకటి రాద్దామనుకున్నాం. మేము ఈ హాస్టల్లోనే ఉండి డిగ్రీ ముగించి, ఇప్పుడు హైదరాబాదులో ఎంసీఏ చదువుతున్నాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చేతికి తెచ్చుకున్న మొదటివాళ్లం మేమే. కంప్యూటర్ గ్రూపు తీసుకున్న మన హాస్టల్ తమ్ముళ్లు, బాలికల హాస్టల్ చెల్లెళ్లు మాకు ఫోన్ చేస్తే సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, అమీర్‌పేటలో ఏ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుంది? ఎంత కట్టాలి?" కోర్సుల సంగతి అందరూ చెబుతారు. ఫీజు లేకుండా, సిఫార్సు అక్కర్లేకుండా తెరిచి ఉండే ఇంకో తలుపు గురించి ఎవరూ చెప్పరు. అవే సాఫ్ట్‌వేర్ వాళ్లు నెలనెలా పెట్టుకునే సభలు. వాడుకలో వాటిని మీటప్ అంటారు.

మీటప్ అంటే పెద్ద సదస్సు కాదు. ఒక ఊళ్లో ఒకే రకం పనిముట్టు వాడేవాళ్లు, అంటే పైథాన్ రాసేవాళ్లో, లినక్స్ వాడేవాళ్లో, జావా వాళ్లో, నెలకోసారి ఒకచోట కూడి తమలో ఒకరు చెప్పేది వినడం. ఎక్కువగా శనివారం పెడతారు. సెలవు రోజు ఖాళీగా ఉండే హాలును ఏదో ఒక కంపెనీయో కాలేజీయో ఇస్తుంది. టీ, సమోసా ఖర్చు కూడా చాలాసార్లు వాళ్లదే. నడిపేవాళ్లు జీతం లేని వలంటీర్లు. ఒక్కో ప్రసంగం అరగంట, ముప్పావుగంట ఉంటుంది. తరువాత ప్రశ్నలు. చివర్లో ఐదేసి నిమిషాల చిన్న ప్రసంగాలు ఉంటాయి, వీటిని లైట్నింగ్ టాక్స్ అంటారు. ముందుగా పేరు ఇచ్చినవాళ్లు ఎవరైనా మాట్లాడవచ్చు.

అక్కడ ఏం చెబుతారో తెలియాలంటే ఒక ఉదాహరణ చూద్దాం. డేటాబేస్ ఇండెక్స్ అనే మాట మన సిలబస్‌లో ఉంది. పరీక్షకు నిర్వచనం బట్టీ పెట్టి రాస్తాం. అదే విషయాన్ని పనిచేసేవాడు చెబితే ఇలా ఉంటుంది. మన హాస్టల్ అడ్మిషన్ రిజిస్టరు తీసుకోండి. పిల్లలు చేరిన వరుసలో పేర్లు ఉంటాయి. ఒక పేరు కావాలంటే మొదటి పేజీ నుంచి తిప్పుకుంటూ పోవాల్సిందే. అదే రిజిస్టరు చివర అకారాది క్రమంలో పేర్లు, పక్కన పేజీ నంబరు రాసి అతికిస్తే? మధ్యకు తెరిచి, మనకు కావలసిన పేరు ముందుందో వెనకుందో చూసి, మళ్లీ ఆ సగంలో సగం చేసుకుంటూ పోవచ్చు. ఇలా చేస్తే 10 లక్షల పేర్లున్నా సుమారు 20 సార్లు చూస్తే చాలు, పేరు దొరుకుతుంది. ఇండెక్స్ పనిచేసే తీరు ఇంతే. అయితే కొత్తగా ఒకడు చేరినప్పుడల్లా రిజిస్టరులోనూ రాయాలి, వెనక జాబితాలోనూ సరైన చోట ఇరికించాలి. జాబితాలు నాలుగు పెడితే నాలుగు చోట్లా రాయాలి. అందుకే వెతకడం ఎక్కువ, రాయడం తక్కువ ఉన్నచోట ఇండెక్స్ లాభం. రాయడమే ఎక్కువ ఉన్నచోట అది బరువు. మా పాఠ్యపుస్తకంలో మొదటి సగమే కనబడింది. రెండో సగం, అంటే ఎక్కడ పెట్టకూడదో, రోజూ ఆ పని చేసి దెబ్బ తిన్నవాళ్లే చెప్పగలరు. ఇంటర్వ్యూలో అడిగేదీ చాలాసార్లు ఆ రెండో సగమే.

ఇలా కూడడం కొత్తేమీ కాదు. ఐబీఎం 704 యంత్రం వాడేవాళ్లు 1955లోనే అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో షేర్ అనే సంఘం పెట్టుకున్నారు. ఒకరు రాసిన ప్రోగ్రామ్ ఇంకొకరు మళ్లీ మొదటినుంచీ రాసుకునే శ్రమ లేకుండా పంచుకోవాలన్నది వాళ్ల ఆలోచన. కానీ అవి పెద్ద సంస్థల యంత్రాలు. మామూలు మనుషుల సభగా పేరు పడింది మాత్రం హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్. దీని గురించి కొంచెం వివరంగా చెబుతాం, ఎందుకంటే అక్కడి పద్ధతి మనకూ పనికొస్తుంది.

1975 జనవరిలో ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ కిట్ ఒక అమెరికన్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ముందు భాగంలో స్విచ్చులు, మిణుకుమనే లైట్లు మాత్రమే. విడిభాగాలు తెప్పించుకుని మనమే అతుకు పెట్టుకోవాలి. కొన్నవాళ్లకు దాన్ని ఏం చేయాలో తెలియదు, అడుగుదామంటే తెలిసినవాళ్లు లేరు. కాలిఫోర్నియాలో ఫ్రెడ్ మూర్, గోర్డన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు కరపత్రాలు అంటించి, 1975 మార్చి 5న మెన్లో పార్క్ అనే ఊళ్లో ఫ్రెంచ్ గారి కారు షెడ్డులో సభ పెట్టారు. ముప్పై మందికి అటూఇటూగా వచ్చారు. తరువాత రెండు వారాలకోసారి కలుస్తూ, షెడ్డు చాలక స్కూలుకు, అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన కేంద్రం ఆడిటోరియానికి మారారు. జనం వందలకు పెరిగారు. ఒక సభలో స్టీవ్ డోంపియర్ అనే ఆయన ఆల్టెయిర్ పక్కన మామూలు రేడియో పెట్టి, యంత్రం పనిచేస్తున్నప్పుడు రేడియోలో వచ్చే గరగర శబ్దాన్నే అదుపు చేసి పాట వాయించి చూపించాడట. తెర కూడా లేని డబ్బాతో పాట! ఎలా చేశావని అందరూ అడిగారు, ఆయన చెప్పాడు. క్లబ్ పని అంతా ఇలాగే నడిచింది.

లీ ఫెల్సెన్‌స్టైన్ అనే ఇంజినీరు ఈ సభలను నడిపేవాడు. మొదట ఎవరైనా లేచి తన దగ్గర ఏముందో, తనకు ఏం కావాలో రెండు ముక్కల్లో చెప్పాలి. "నా దగ్గర ఫలానా చిప్పులు మిగిలాయి", "నాకు ఫలానా చోట తేడా వస్తోంది, తెలిసినవాళ్లు ఉన్నారా" అని. దీన్ని మ్యాపింగ్ అన్నారు. ఎవరి దగ్గర ఏముందో హాలంతటికీ తెలిశాక కుర్చీలు వదిలి, కావలసినవాళ్లు కావలసినవాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడుకోవాలి. దీన్ని ర్యాండమ్ యాక్సెస్ అన్నారు. కంప్యూటర్ మెమరీ మాటనే సరదాగా వాడుకున్నారు. మా దృష్టిలో మొత్తం వ్యవహారంలో తెలివైన భాగం ఇదే. కొత్తవాడికి అసలు కష్టం ప్రసంగం వినడం కాదు, ఆ తరువాత ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకపోవడం. మ్యాపింగ్ ఆ బెరుకును సగం తగ్గిస్తుంది.

మొదటి సభకు వచ్చినవాళ్లలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. అప్పుడు ఆయన వయసు 24. డిగ్రీ పూర్తి కాలేదు, హ్యూలెట్ ప్యాకర్డ్‌లో కాలిక్యులేటర్ల పని చేస్తున్నాడు. మహా సిగ్గరి, సభలో నోరు విప్పేవాడు కాదు. ఆ రోజు చేతికొచ్చిన మైక్రోప్రాసెసర్ కాగితాలు ఇంటికి తీసుకెళ్లి చదివాక ఆయనకు సొంత కంప్యూటర్ ఊహ వచ్చింది. తయారు చేసి, దాని బొమ్మలు, వివరాలు క్లబ్‌లో అందరికీ ఉచితంగా పంచాడు. అదే ఆపిల్ 1. 1976 ఏప్రిల్ 1న స్టీవ్ జాబ్స్‌తో కలిసి ఆపిల్ కంపెనీ మొదలైంది.

ఈ కథ చెప్పి "మీరూ వోజ్నియాక్ కావచ్చు" అనే ప్రసంగాలు చాలా ఉన్నాయి. మేము ఆ మాట అనం. వోజ్నియాక్ తండ్రి లాక్‌హీడ్‌లో ఇంజినీరు. చిన్నప్పుడే ట్రాన్సిస్టర్ అంటే ఏమిటో ఇంట్లో కూర్చోబెట్టి చెప్పే మనిషి ఉన్నాడు. మన నాన్నలు కూలికి వెళ్తారు, రిక్షా తొక్కుతారు, మున్సిపాలిటీలో పని చేస్తారు. మనకు బాబాయి కంపెనీలో లేడు, మేనమామ అమెరికాలో లేడు. ఇంట్లోనే అన్నీ ఉన్న వోజ్నియాక్‌కే క్లబ్ అంత పనికొచ్చిందంటే, ఇంట్లో అడగడానికి మనిషే లేని మనకు అది ఎంత అవసరమో లెక్క వేసుకోండి.

దీనికి ఒక పరిశోధన కూడా ఉంది. మార్క్ గ్రానోవెట్టర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసంలో, బోస్టన్ శివారులో కొత్తగా ఉద్యోగం మారిన వాళ్లను అడిగి రాశాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం తెలిసినవాళ్లలో, ఆ పరిచయస్తుణ్ణి తరచూ కలుస్తామన్నవాళ్లు 16.7 శాతం. అప్పుడప్పుడు కలుస్తామన్నవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో గానీ కలవమన్నవాళ్లు 27.8 శాతం. కారణం తేలికే. రోజూ మనతో ఉండేవాడికి తెలిసిన కబుర్లు మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు వేరే గుంపులో తిరిగే మనిషి దగ్గరే ఉంటుంది. మన హాస్టల్ రూమ్మేట్లు మనకు ప్రాణం ఇస్తారు, కానీ ఫలానా కంపెనీలో ఖాళీ ఉందని వాళ్లకూ తెలియదు. నెలకోసారి ఒక గంట మాట్లాడే దూరపు పరిచయం ఆ పని చేస్తుంది. పైవాళ్లకు ఇలాంటి పరిచయాలు పెళ్లిళ్లలో, పేరంటాళ్లలో దొరుకుతాయి. మనం వాటిని బయట సంపాదించుకోవాలి.

మన దగ్గర ఇవి ఎక్కడున్నాయి? చెన్నైలో లినక్స్ యూజర్ గ్రూపు ఐఐటీ ఆవరణలో ఏళ్ల తరబడి నెలనెలా కలిసింది. హైదరాబాదులో పైథాన్ వాళ్ల గ్రూపు ఉంది. దేశంలోని పైథాన్ వాళ్లందరి సదస్సు పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలై, 2018లోనూ 2023లోనూ హైదరాబాదుకు వచ్చింది. 2023లో అది జేఎన్‌టీయూలో జరిగింది. స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ 2005 నుంచి హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తోంది. మెనూలు తెలుగులో కనిపించే లినక్స్ తయారు చేసింది, ఇంజినీరింగ్ కాలేజీల్లో లినక్స్ గ్రూపులు పెట్టించింది. 2023లో వేలమంది విద్యార్థుల చేత తెలుగు కథలు సేకరింపజేసి "చందమామ కథలు" అనే కృత్రిమ మేధ నమూనా తేవడంలో పాలుపంచుకుంది. ఈ విద్యార్థులు పెద్ద కాలేజీల వాళ్లే కానక్కర్లేదు. బెంగళూరులో ఇలాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలే ఒక మురికివాడలో అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ నడిపారు. అక్కడ బస్తీ పిల్లలు పాత కంప్యూటర్ల మీద నేర్చుకున్నారు. బాబాసాహెబ్ పేరు దానికి ఊరికే పెట్టలేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. హైదరాబాదులో చాలా మీటప్‌లు మాదాపూర్, గచ్చిబౌలి వైపే జరుగుతాయి. ఊరికి ఆ చివర ఉన్నవాళ్లకు బస్సులో రానుపోను మూడు గంటలు పోతుంది. సాయంత్రం ఆలస్యమైతే చెల్లెళ్లకు హాస్టల్ గేటు సమస్య, కాబట్టి ఉదయం పూట పెట్టేవి చూసుకోవాలి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లాలి. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పేరు, గుర్తింపు కార్డు అడుగుతాడు. ముందే రిజిస్టర్ చేసుకోకపోతే లోపలికి పంపడు, అది అవమానంగా తీసుకోవద్దు, అందరికీ అదే నియమం. ప్రసంగం ఇంగ్లీషులోనే ఉంటుంది, వేగంగా ఉంటుంది. మొదటి రెండు నెలలు సగమే అర్థమవుతుంది. అర్థం కాని మాటలు నోటుబుక్కులో రాసుకుని వచ్చి వెతుక్కుంటే మూడో నెలకు తేడా తెలుస్తుంది. టీ దగ్గర తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పేవాళ్లు ఉంటారు. కొన్ని ప్రసంగాలు ప్రసంగాలే కావు, కంపెనీ సరుకు అమ్ముకునే ప్రకటనలు. "మా దాన్ని కొనండి" అనేది తప్ప ఎలా పనిచేస్తుందో చెప్పకపోతే ఆ అరగంట సమోసాకే సరి.

వెళ్లాక ఏం మాట్లాడాలని అడుగుతుంటారు. "సార్, ఉద్యోగం ఇప్పించండి" అని మొదలుపెట్టవద్దు. "మీరు చెప్పినదాంట్లో ఇది అర్థం కాలేదు, నేను ఇలా చేసి చూశాను, ఇక్కడ ఆగింది" అని చెప్పండి. చేసి చూసినవాణ్ణి మనుషులు గుర్తుపెట్టుకుంటారు. వచ్చే నెల మళ్లీ కనబడితే పేరు పెట్టి పిలుస్తారు. ఒక్కసారి వెళ్లి మానేస్తే బస్సు చార్జీలు దండగ.

హైదరాబాదు దాకా రాలేని ఇంటర్, డిగ్రీ పిల్లల కోసం మా ప్రతిపాదన ఇది. మన స్టడీ హాలులో నెలలో చివరి ఆదివారం ఉదయం 10 గంటలకు ఇలాంటి సభ పెట్టుకుందాం. ప్రొజెక్టరు అక్కర్లేదు, నల్లబల్ల చాలు. మొదట హోమ్‌బ్రూ వాళ్లలాగా ఒక్కొక్కరు లేచి తమకు ఏం వచ్చో, ఏం కావాలో చెప్పాలి. ఎక్సెల్ బాగా వచ్చినవాడు, మొబైల్ రిపేరు తెలిసినవాడు, ఇంగ్లీషు అప్లికేషన్ రాయగలిగిన అమ్మాయి మన మధ్యే ఉంటారు, పక్క గదివాళ్లకే తెలియదు. తరువాత ఒకరు 20 నిమిషాలు మాట్లాడాలి, తెలుగులోనే. పాత విద్యార్థుల్లో పనిచేస్తున్నవాళ్లు మూడు నెలలకు ఒకసారైనా వచ్చి చెప్పాలని ఈ సంచిక చదివే అన్నలను, అక్కలను కోరుతున్నాం. రాలేనివాళ్లు ఫోన్లో స్పీకర్ పెట్టి మాట్లాడినా సరే.

హాలు వాడుకోవడానికి వార్డెన్ సార్ ఒప్పుకున్నారు, మెస్ టైముకు ముందే ముగించాలన్నది ఒక్కటే షరతు. మొదటి నెల మేము వచ్చి, అడ్మిషన్ రిజిస్టరు దగ్గర పెట్టుకుని ఇండెక్స్ గురించి చెబుతాం. రెండో నెల మాట్లాడేవాళ్లు పేరు, అంశం ఒక కాగితం మీద రాసి హాస్టల్ లీడర్‌కు ఇవ్వాలి.