ఏలూరు చూడవచ్చువారికి

విజయవాడనుండి రాజమహేంద్రవరమునకు పోవు రైలుప్రయాణికులలో అనేకులు ఏలూరును చూచియుందురు గాని యెరిగియుండరు. వట్లూరు మొదలు దెందులూరు వరకు బండి నడచు కొలది నిమిషములలో కొన్ని మేడలును, కొబ్బరిచెట్లును, ఒక కాలువయు కిటికీ వెలుపల కనబడి మాయమగును. అంతటితో వారికి ఏలూరు ముగియును. సెలవులలో బంధువులు మన యిండ్లకు వచ్చి “మీ యూరిలో చూడదగినదేమి?” అని యడిగినప్పుడు మన విద్యార్థులును ఒక దేవాలయము పేరో, ఒక సినిమాహాలు పేరో చెప్పి ఊరకుందురు. అట్టివారికి ఉపయోగపడునను నమ్మకముతో ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఏలూరు తీరికగా చూడవలసిన పట్టణము. దీనిని ఎరుగుటకు సులభమైన మార్గమొక్కటే గలదు. నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదో, ఎచ్చటికి పోవుచున్నదో కనుగొని దానివెంట నడువవలెను.

పట్టణపు పూర్వస్థితి

దీనికి హేలాపురి యను నామాంతరము కలదు. ఉత్తర సర్కారులలో ఒకదానికి ఏలూరు సర్కారని పేరు. పురపాలక సంఘము 1866లో ఏర్పడినది. 2005లో నగరపాలక సంస్థయైనది. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడగా ఏలూరు దానికి ముఖ్యపట్టణమై చిరకాలముండెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలను మరల విభజించినప్పుడు పశ్చిమగోదావరికి భీమవరము ముఖ్యపట్టణమైనది. ఏలూరు తన పేరనే వెలసిన క్రొత్త జిల్లాకు ముఖ్యపట్టణమైనది. చర్చి మిషనరీ సంఘమువారు 1854లో ఇచ్చట పని నారంభించిరి. 1976నుండి రోమను కథోలిక మేత్రాసనమును ఇచ్చట నున్నది. సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల 1945లో స్థాపింపబడెను. ఇన్ని కచేరీలును, విద్యాలయములును ఉన్నను పెద్దనగరముల తొందర ఈ యూరికి ఇంకను పూర్తిగా అంటలేదు. మధ్యాహ్నమున అంగడివారు అరుగులపై కూర్చుండి మాటలాడుకొనుటయు, సాయంకాలమున వృద్ధులు గట్టువెంట మెల్లగా నడచుటయు ఇప్పటికిని చూడవచ్చును.

ఎప్పుడు రావలెను?

కార్తికము మొదలు మాఘము వరకు, అనగా నవంబరు నుండి ఫిబ్రవరి వరకు గల కాలము ఉత్తమము. అప్పుడు ఎండ మితముగా నుండును. కాలువలు నిండుగా నుండును. కొల్లేటికి పక్షులు వచ్చియుండును. వేసవిలో మరమ్మతులకై కాలువలకు నీరు కట్టివేయుదురు గనుక గట్టున నిలిచినవానికి బురద తప్ప మరేమియు కనబడదు. రెండు దినములైనను ఉండునట్లు రావలెను. పట్టణమును కాలినడకను గాని సైకిలుపై గాని చూచుట మేలు. దూరపు స్థలములకు బస్సులును ఆటోలును కలవు.

కాలువగట్టు

మొదటి ఉదయము కాలువగట్టునకే పోవలెను. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణపై విజయవాడయొద్ది ఆనకట్ట 1855లోను ముగిసినవి. ఈ పనులకు మూలపురుషుడు సర్ ఆర్థరు కాటను. ఆ పిమ్మట గోదావరినీటిని విజ్జేశ్వరమునుండి నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఒక కాలువ తెచ్చినది. కృష్ణనీటిని విజయవాడనుండి మరియొక కాలువ తెచ్చినది. తూర్పునుండి వచ్చునదియు పడమటనుండి వచ్చునదియు ఏలూరునందు కలిసికొన్నవి. రెండు మహానదుల నీరు ఇట్లు చేయి కలిపిన యూరు ఆంధ్రదేశమున అరుదు.

ఇవి పొలములు తడుపుటకు మాత్రమే త్రవ్వబడినవి కావు. 1893–1896 నడుమ కోస్తా రైలుమార్గము పడకముందు ధాన్యమును, కలపయు, మనుష్యులును ఈ కాలువలమీదనే ప్రయాణము చేయుచుండిరి. గాలి అనుకూలమైన తెరచాప యెత్తెడివారు; లేనిచో గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. నీటిమట్టము మారుచోట లాకు తలుపులు మూసి నీటిని నింపియో తీసియో పడవను మీదికి ఎక్కించుటయు క్రిందికి దింపుటయు జరుగుచుండెను. ఉపదేశకులును ఉపాధ్యాయులును డెల్టాగ్రామములకు పడవలలోనే పోయి రాత్రులు వానియందే నిద్రించెడివారు. 2008లో కేంద్రప్రభుత్వము కాకినాడనుండి పుదుచ్చేరి వరకు గల జలమార్గమును జాతీయ జలమార్గముగా ప్రకటించినప్పుడు 139 కిలోమీటర్ల ఏలూరు కాలువయు దానిలో చేరినది. కాని పడవలు పూర్వమువలె తిరిగి రాలేదు.

తమ్మిలేరు

ఖమ్మము వైపు మెట్టభూములలో పుట్టి దక్షిణముగా పారు తమ్మిలేరు పట్టణముచెంత రెండు పాయలై తుదకు కొల్లేటిలో కలియును. సంవత్సరమున పెక్కు నెలలు ఈ యేరు ఇసుకయు గడ్డియుగా నుండును. దానిని చూచి “ఇదియా మీ నది?” అని నవ్వవలదు. పైని గట్టివాన కురిసిన యొక్క రాత్రిలో ఇది గట్టులనంటి పారును; గట్టు బలహీనమైనచోట పేటలలోనికి వచ్చును. పడమరవీధిలోని శివునకు జలాపహరేశ్వరుడని పేరుండుట గమనింపదగినది. నీటిని హరించు దేవుడని పూర్వులు పిలుచుకొన్నారనిన ఈ యూరికి నీటివలని మేలును భయమును రెండును తెలిసియుండెనని యూహింపవచ్చును. పేటలయందు ఏడేండ్లకొకసారి జరుగు గంగానమ్మ జాతర సమయమున వచ్చినవారు పట్టణమంతయు ఒక్క గ్రామముగా మారుట చూతురు.

గజ్జెలవారి చెరువునందు 74 అడుగుల యెత్తున నిలిచిన బుద్ధవిగ్రహము కలదు. సాయంకాలము పిల్లలతో కూర్చుండుటకు అది తగినచోటు. త్రాగునీటిని నిలువజేయు పంపుల చెరువును కూడ చూడవలెను. యాత్రికులకు అది వింతగా తోచకపోవచ్చును. కాని 2020 డిసెంబరులో ఈ పట్టణమున పిల్లలును పెద్దలును ఉన్నట్టుండి మూర్ఛిల్లి పడిపోయిరి; కొలది దినములలో అయిదువందలకు మించినవారు ఆసుపత్రులు చేరిరి. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు కొందరి రక్తమున సీసమును, నికెలును కలవని తెలిపిరి. నీటిని, పాలను, కూరగాయలను పరీక్షించిరి. పురుగుమందులపైనను అనుమానము పోయినది. నీటినడుమనున్న యూరివారు బిందెలోని నీటిని చూచి భయపడిన దినములవి. ఒక పట్టణపు తీరిక ఎంత సన్నని దారముపై వ్రేలాడుచుండునో అప్పుడు అందరికిని తెలిసినది.

తివాచీలు

తంగెళ్లమూడి ప్రాంతమున తివాచీలు నేయు మగ్గములను విచారించి చూడవలెను. మహమ్మదీయుల పాలనాకాలమున పారశీకమునుండి వచ్చిన పనివారు ఈ విద్యను తెచ్చిరని ప్రసిద్ధి. నిలువుమగ్గమున నూలుపడుగు బిగించి, రంగు ఉన్నిని ఒక్కొక్క ముడిగా వేసి, కత్తితో కోసి, దువ్వెనవంటి సాధనముతో క్రిందికి కొట్టుదురు. ఒక్కరోజు పనికి ఏర్పడునది కొలది అంగుళములే. యంత్రముల తివాచీలు చౌకగా వచ్చినందున ఈ మగ్గములు తగ్గిపోయినవి. చూచుటకు పోయినవారు ఊరక బేరమాడి పనివాని కాలమును వ్యర్థము చేయరాదు.

వేంగియు గుంటుపల్లియు

రెండవదినపు ఉదయము ఉత్తరముగా 12 కిలోమీటర్ల దూరమున నున్న పెదవేగికి పోవచ్చును. శాలంకాయనులకును, తరువాత తూర్పు చాళుక్యులకును రాజధానియైన వేంగి యిదియే. నేడది పొలములు, చెరువులు గల గ్రామము. ధనమ్మదిబ్బయొద్ద పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. అచ్చటికి ఉత్తరముగా కామవరపుకోట చేరువనున్న గుంటుపల్లి కొండపై బౌద్ధభిక్షువుల గుహలు కలవు. వానిలో గుండ్రని చైత్యగృహపు లోకప్పున కొయ్యవాసములను పోలిన రాతివాసములు చెక్కబడియున్నవి. ఇవి క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దినాటివని పండితుల నిర్ణయము. గుహ ముంగిట నిలిచి దక్షిణముగా చూచినవానికి మెట్ట ముగిసి పల్లము మొదలగు తీరు బోధపడును. మన వానలన్నియు ఆ వాలునబడియే దిగువకు పోవుచున్నవి. మేమును ఇక దిగువకే పోవుదము.

కొల్లేరు

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పళ్లెమువంటి పల్లమున కొల్లేరున్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలైనవి దీనిలోనికి వచ్చును. సముద్రమునకు పోవుటకు మాత్రము ఉప్పుటేరొక్కటియే దారి. సరస్సు విశాలమైనదే గాని లోతు మనుష్యుని నడుమునకు మించని చోట్లనేకములు. పూర్వము లంకగ్రామములవారు తాటిదోనెలలో తిరిగి వలలతోను, మావులతోను కొర్రమీను, జెల్ల మొదలైన చేపలు పట్టుచు, నీరు తగ్గినప్పుడు వరి వేయుచు జీవించెడివారు.

ఏలూరునుండి కైకలూరు పోయి అచ్చటికి సమీపమున నున్న ఆటపాకను ఉదయమే చేరవలెను. అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుప మంచెలమీద పెలికానులనబడు గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచును. తల్లి తెచ్చిన చేపకొరకు పిల్ల దాని ముక్కుసంచిలో తల దూర్చుట చూచిన బాలుడు దానిని మరువడు. రంగురెక్కల కొంగలును అచ్చట గుంపులుగా నుండును. ఈ పక్షులకు మన జిల్లాలతో పాతచుట్టరికము కలదు. తాడేపల్లిగూడెము ప్రాంతమున ఆరేడు గ్రామమునందు ఇవి ఇండ్లనడిమి చెట్లపైననే గూళ్లు కట్టెడివి. పక్షిశాస్త్రవేత్త కె. కె. నీలకంఠన్ ఆ కొలువును గూర్చి 1949లో వ్రాసి లోకమునకు తెలిపెను. ఆ గ్రామమున ఇప్పుడా కొలువు లేదు. పక్షులకు చెట్టు దొరకక ఇనుపమంచె కావలసివచ్చెననుట ఆలోచింపదగిన విషయము.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ ఆలయము కలదు. ఫాల్గుణమున గొప్పజాతర జరుగును. ఆ కోటను పూర్వము గజపతి యొకడు ఏలుచుండగా, నీరడ్డమై లోనికి రాలేని శత్రువులు ఉప్పుటేరును త్రవ్వించి సరస్సును సముద్రమునకు వదలి కోట పట్టిరని ఒక కథ చెప్పుదురు. చరిత్రకు నిలిచినను నిలువకున్నను, ఉప్పుటేరు చేతిలోనే కొల్లేటి ప్రాణమున్నదని ప్రజలు గ్రహించియుండిరని ఆ కథ తెలుపుచున్నది.

నేటి చిక్కును అచ్చటనే యున్నది. గడచిన శతాబ్ది చివరిభాగమున సరస్సులో గట్లుకట్టి బొచ్చె, శీలావతి చేపల చెరువులు విరివిగా త్రవ్విరి. ఆ చేపలు మంచుతో పెట్టెలకెక్కి వంగదేశము వరకు పోవును. దానివలన అనేకులకు కూడు దొరకినది. కాని గట్లు నీటిదారి కడ్డమైనవి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల భాగమును వన్యప్రాణి రక్షణస్థలముగా ప్రకటించిరి. ఇరానుదేశమున రాంసారునందు 1971లో జరిగిన ఒడంబడిక ననుసరించి 2002లో కొల్లేరు లోకప్రసిద్ధములైన తడినేలల పట్టికలో చేరినది. 2006లో ప్రభుత్వము చెరువుల గట్లను కొట్టించినది. పక్షులకు చోటు దొరకినది గాని, చెరువే ఆధారముగానున్న లంకలవారిలో కొందరికి జీవనము పోయినది. పిమ్మట గట్లు మరల లేచినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు తుదకు కొల్లేటికే వచ్చి లంకల దారులను కప్పివేసినది. పూడిన ఉప్పుటేరు దానిని త్వరగా సముద్రమునకు దింపలేకపోయినది. వేసవిలో అదే యేటివెంట ఉప్పునీరు పైకి వచ్చుచున్నది. చేపలవానిని దూషించుట గాని, పక్షులను ప్రేమించువానిని పరిహసించుట గాని సులభము. ఇద్దరికిని చాలునట్లు నీటికి దారి విడుచుటయే కష్టమైన పని.

యాత్రికులకు హితవు

ఆటపాకలో బిగ్గరగా అరవరాదు; రాళ్లు రువ్వరాదు. తిన్న పొట్లముల సంచులను నీటిలో పారవేయరాదు. లంకలకు పోయినప్పుడు అచ్చటి పెద్దలను అయ్యా, అమ్మా యని పలుకరించి వారి మాట వినవలెను. ఒక పూట వారిచ్చు చేపలపులుసు తిన్నచో పుస్తకమున దొరకని సంగతులు తెలియును. వాననాడు తమ్మిలేటి కాలిబాటలపై సాహసము పనికిరాదు.

విద్యార్థులారా, మీ యింటికి ఈసారి చుట్టములు వచ్చినప్పుడు వారిని కాలువగట్టునకు తీసికొనిపోయి ఈ నీరు ఏ నదిదో చెప్పుడు. తమ్మిలేటి వంతెనపై నిలిపి ఈ యేరు ఎచ్చటికి పోవునో చూపుడు. తాము పారవేసిన చెత్త మురికికాలువ పట్టి ఎవరి వాకిటికి చేరునో దారివెంట మీరును విచారింపుడు. మెట్టపైని వానచినుకునకును, మన వీధిలోని కుళాయికిని, కొల్లేటి గూడబాతునకును, లంకలోని దోనెవానికిని నడుమ తెగని త్రోవ యొకటి కలదు. దానిని కన్నులార చూచినవారు ఏలూరును చూచినవారగుదురు. దానిని తెగకుండ కాపాడు భారము ఇకమీద మీది.