ఈవీ ఇన్సూరెన్స్: ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

ఫోన్ కొనేముందు మనం ఎంత చూస్తాం? చిప్‌సెట్, బ్యాటరీ, ఛార్జింగ్ స్పీడ్, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు... అన్నీ పోల్చి చూస్తాం. అదే పదమూడు లక్షలు పెట్టి కారు కొంటూ, ఇన్సూరెన్స్ దగ్గరికొచ్చేసరికి షోరూమ్ వాళ్లు చూపించిన చోట సంతకం పెట్టేస్తాం. నేనూ దాదాపు అలాగే పెట్టేవాడిని.

నా పెట్రోల్ వ్యాగన్ఆర్ అమ్మేసి టాటా పంచ్ ఈవీ లాంగ్ రేంజ్ బుక్ చేశాను. డీలర్ ఇచ్చిన షీట్‌లో ఇన్సూరెన్స్ లైన్: రూ. 67,740. నా మొదటి రెండు నెలల ఈఎంఐ కంటే ఎక్కువ. "ఈవీ కదా సార్, అంతే ఉంటుంది" అన్నారు. ఆ రాత్రి కూర్చుని లైన్ లైన్‌గా విడదీశాను. చివరికి రూ. 51,397కి తీసుకున్నా. అదీ బ్యాటరీ కవర్ వదులుకోకుండానే. ఎలాగో చెప్తాను.

ముందు ఈ కథ వినండి

మా టీమ్‌లో ఒక అన్న ఉన్నాడు. ఆయన రెండేళ్ల క్రితం ఈవీ కొని, ఆన్‌లైన్‌లో అన్నింటికంటే చవకగా కనిపించిన పాలసీ తీసుకున్నాడు. సొంతూరు వెళ్తుంటే రోడ్డు మీద రాయి కారు అడుగున గట్టిగా తగిలింది. కారు నడుస్తూనే ఉంది గానీ డ్యాష్‌బోర్డ్‌లో వార్నింగ్ వచ్చింది. సర్వీస్ సెంటర్ వాళ్లు లిఫ్ట్ చేసి చూసి, బ్యాటరీ ప్యాక్ కేసింగ్ పగిలింది, ప్యాక్ మొత్తం మార్చాలన్నారు. బిల్లు ఐదు లక్షల పైమాటే.

వారంటీ ఉంది కదా అనుకున్నాడు. ఈవీ బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి, నిజమే. కానీ అది తయారీ లోపాలకే. రాయి తగిలితే, నీళ్లు పోతే అది ఇన్సూరెన్స్ పని. ఇన్సూరెన్స్ వాళ్లేమో బ్యాటరీకి 50 శాతం తరుగుదల పట్టారు. రెండున్నర లక్షలు ఆయన జేబులోంచి పోయాయి. ప్రీమియంలో మిగుల్చుకుంది మాత్రం ఆరేడు వేలు.

ఈ 50 శాతం ఎక్కడిది? మన దగ్గర పాత మోటార్ టారిఫ్‌లో ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, ఎయిర్‌బ్యాగ్‌లతో పాటు "బ్యాటరీలు" కూడా 50 శాతం తరుగుదల లిస్టులో ఉన్నాయి. ఆ రూల్ రాసినప్పుడు బ్యాటరీ అంటే బానెట్ కింద ఉండే కొన్ని వేల రూపాయల 12 వోల్టుల డబ్బా. ఇప్పుడు ఈవీలో అదే పేరుతో ఉన్నది కారు మొత్తంలోనే ఖరీదైన పార్టు.

అందుకే నేను పెట్టుకున్న రూల్ ఒక్కటే: ప్రీమియం ఎక్కడైనా తగ్గించుకోవచ్చు, బ్యాటరీ దగ్గర మాత్రం కాదు.

థర్డ్ పార్టీ: బేరం లేదు, కానీ వేరియంట్ చూడండి

మోటార్ వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ తప్పనిసరి. కొత్త కారుకి ఒకేసారి మూడేళ్లకి కట్టాలి. రేటు ప్రభుత్వమే నోటిఫై చేస్తుంది, ఏ కంపెనీలోనైనా ఒకటే. పెట్రోల్ కారుకి ఇంజిన్ సీసీని బట్టి రేటు ఉంటే, ఈవీకి మోటార్ పవర్‌ని బట్టి ఉంటుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో కొత్త ఈవీ కారుకి మూడేళ్ల ప్రీమియం ఇదీ:

- 30 కిలోవాట్ల వరకు: రూ. 5,543
- 30 దాటి 65 కిలోవాట్ల వరకు: రూ. 9,044
- 65 కిలోవాట్లు దాటితే: రూ. 20,907

పెట్రోల్ రేట్లతో పోలిస్తే ఇది 15 శాతం తక్కువ. అంటే ఈవీ డిస్కౌంట్ ఇందులోనే కలిసి ఉంది. "ఈవీ స్పెషల్ డిస్కౌంట్ నేనిస్తున్నా" అని ఎవరైనా ఇదే చూపిస్తే నవ్వి ఊరుకోండి.

ఇక్కడ చాలామంది తికమకపడేది కిలోవాట్, కిలోవాట్-అవర్ మధ్య తేడా దగ్గర. కిలోవాట్-అవర్ అంటే బ్యాటరీ కెపాసిటీ, ఫోన్‌లో ఎంఏహెచ్ లాగా. కిలోవాట్ అంటే మోటార్ పవర్. స్లాబ్ మోటార్‌ని చూస్తుంది, బ్యాటరీని కాదు. 2024లో వచ్చిన పంచ్ ఈవీనే తీసుకోండి. 25 కిలోవాట్-అవర్ వేరియంట్‌లో మోటార్ 60 కిలోవాట్లు, 35 కిలోవాట్-అవర్ వేరియంట్‌లో 90 కిలోవాట్లు. పేరు ఒకటే, స్లాబ్ వేరు. తేడా రూ. 11,863, జీఎస్టీతో కలిపితే దాదాపు 14 వేలు. టియాగో ఈవీలో మాత్రం రెండు బ్యాటరీలకీ మోటార్ 65 లోపే, కాబట్టి రెండూ మధ్య స్లాబే. నాకు రేంజ్ కావాలి కాబట్టి పెద్దదే తీసుకున్నా. సిటీలోనే తిరిగేవాళ్లు మాత్రం వేరియంట్ల మధ్య ధర పోల్చేటప్పుడు ఇది కూడా కలుపుకోండి.

ఓన్ డ్యామేజ్: అసలు బేరం ఇక్కడే

మన కారుకి జరిగే నష్టానికి కట్టేది ఓన్ డ్యామేజ్ ప్రీమియం. దీన్ని కంపెనీలే నిర్ణయిస్తాయి, అందుకే ఒకే కారుకి ఒక్కో చోట ఒక్కో రేటు. ఇది ఐడీవీ మీద ఆధారపడుతుంది. ఐడీవీ అంటే కారు దొంగతనానికి గురైనా, పూర్తిగా పాడైనా మనకి వచ్చే గరిష్ఠ మొత్తం. కొత్త కారుకి ఎక్స్-షోరూమ్ ధరలో 5 శాతం తీసేసి లెక్కేస్తారు. 13 లక్షల కారుకి 12.35 లక్షలు. ఈవీ ధర ఎక్కువ కాబట్టి ఐడీవీ ఎక్కువ, దాంతో ప్రీమియమూ ఎక్కువ.

నేను తగ్గించుకున్నవి మూడు.

ఒకటి, డీలర్ దగ్గరే తీసుకోవాలన్న రూల్ లేదు. ఏ కంపెనీ పాలసీ అయినా తెచ్చుకునే హక్కు కొనేవాళ్లకి ఉంది. డీలర్ కోట్‌లో ఓన్ డ్యామేజ్ రూ. 24,000. అదే ఐడీవీకి వేరే కంపెనీ దగ్గర నేరుగా అడిగితే రూ. 21,000. అయితే ఒకటి కనుక్కోండి: మీ కారు కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో ఆ పాలసీకి క్యాష్‌లెస్ ఉందా? హై వోల్టేజ్ పని మన కాలనీ మెకానిక్ చేసేది కాదు. అక్కడ క్యాష్‌లెస్ లేకపోతే లక్షల బిల్లు ముందు మనమే కట్టాలి.

రెండు, నో క్లెయిమ్ బోనస్. ఇది కారుది కాదు, ఓనర్‌ది. క్లెయిమ్ చేయకుండా గడిచిన ఏళ్లని బట్టి 20, 25, 35, 45, 50 శాతం వస్తుంది. పెట్రోల్ కారు మీద సంపాదించింది ఈవీకి మార్చుకోవచ్చు. నా వ్యాగన్ఆర్ మీద మూడేళ్ల బోనస్ 35 శాతం ఉంది. కారు అమ్మాక పాత ఇన్సూరెన్స్ కంపెనీని అడిగితే ఎన్‌సీబీ రిటెన్షన్ లెటర్ ఇచ్చారు. అది మూడేళ్లు చెల్లుతుంది. దాంతో 21,000 కాస్తా 13,650 అయింది. షోరూమ్‌లో ఎవరూ దీని గురించి అడగలేదు, నేనే అడిగాను. పాత కారు నాన్నగారి పేరు మీద ఉండి కొత్తది మీ పేరు మీద కొంటే మాత్రం ఇది కుదరదు. లేని బోనస్ ఉందని రాస్తే క్లెయిమ్ టైమ్‌లో దొరికిపోతాం, ఆ పని చేయొద్దు.

మూడు, ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్. 15 లక్షల కవర్ ఉండాలి, నిజమే. కానీ మీకు ఇప్పటికే అలాంటి పాలసీ ఉంటే మళ్లీ కొనక్కర్లేదు. నాకుంది, కాబట్టి డీలర్ షీట్‌లోని వెయ్యి రూపాయలు తీసేయించా.

తగ్గించినట్టే కనిపించి ముంచేవి

ఆన్‌లైన్‌లో ఐడీవీ స్లైడర్ ఉంటుంది. కిందికి లాగితే ప్రీమియం తగ్గుతుంది, చూడ్డానికి బాగుంటుంది. 12.35 లక్షల్ని 11 లక్షలకి లాగితే మిగిలేది రెండు మూడు వేలు. కారు పోతే తగ్గేది 1.35 లక్షలు. పైగా రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్కేస్తారు. ఈవీలో ఒక్క బ్యాటరీ బిల్లే సగం దాకా వెళ్లగలదు, కాబట్టి ఐడీవీ తగ్గే కొద్దీ ఆ గీత దగ్గరవుతుంది.

వాలంటరీ డిడక్టబుల్ కూడా అంతే. ప్రతి క్లెయిమ్‌లో మొదటి 15,000 నేనే పెట్టుకుంటా అంటే పాత టారిఫ్‌లో 35 శాతం డిస్కౌంట్, కానీ గరిష్ఠంగా 2,500 మాత్రమే. ఇప్పుడు కంపెనీని బట్టి మారుతుంది. ఎంత తగ్గుతుందో, ఎంత నెత్తిన పడుతుందో పక్కపక్కన రాసుకుని చూడండి. నేను తీసుకోలేదు.

పే యాజ్ యు డ్రైవ్ యాడ్-ఆన్‌కి ఐఆర్‌డీఏఐ 2022 జులైలో అనుమతిచ్చింది. వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లకి పనికొస్తుంది. నేను నెలకోసారి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తా, కిలోమీటర్ల లిమిట్ దాటిపోతానని వదిలేశా.

కచ్చితంగా ఉంచుకోవాల్సినవి

మొదటిది జీరో డిప్రిసియేషన్. ఆ 50 శాతం కోత పడకుండా చూసేది ఇదే. కొన్నిచోట్ల ఇది ఉన్నా ట్రాక్షన్ బ్యాటరీకి విడిగా షరతులు ఉంటాయి. "ట్రాక్షన్ బ్యాటరీకి కూడా తరుగుదల పట్టరా?" అని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

రెండోది బ్యాటరీ ప్రొటెక్షన్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లో వాహనాలు ఎలా మునిగాయో చూశాం. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో వరద కవర్ అవుతుంది. కానీ ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్, ఒక నష్టం వల్ల తర్వాత వచ్చే ఇంకో నష్టం లాంటివి మినహాయింపుల్లో ఉంటాయి. నీళ్లు దిగడం, షార్ట్ సర్క్యూట్, ఛార్జింగ్‌లో వోల్టేజ్ పెరగడం కవర్ అవుతాయా అని వర్డింగ్‌లో చూడండి. మోటార్, ఛార్జర్, కేబుల్ కూడా ఉన్నాయో లేదో చూడండి. గోడకి బిగించిన ఛార్జర్ దానంతటదే కవర్ అవుతుందని అనుకోవద్దు. ఇంకొక్క మాట: మునిగిన కారుని ఆన్ చేయొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు.

రిటర్న్ టు ఇన్వాయిస్ గురించి ఒక చిన్న లెక్క. కారు పోతే ఐడీవీ కాకుండా ఇన్వాయిస్ ధర, చాలా పాలసీల్లో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ కూడా ఇస్తారు. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 వరకు ఈవీలకి రోడ్ ట్యాక్స్ మినహాయింపు ఉంది. కట్టని ట్యాక్స్ తిరిగి రాదు కదా! అందుకే మొదటి ఏడాది ఇక్కడ దీని లాభం తక్కువ. ఐడీవీ బాగా పడిపోయే రెండు, మూడో ఏడాది తీసుకుందామని పక్కన పెట్టా.

నా ఫైనల్ లెక్క

డీలర్: ఓన్ డ్యామేజ్ 24,000 + యాడ్-ఆన్లు 11,500 + థర్డ్ పార్టీ 20,907 + పర్సనల్ యాక్సిడెంట్ 1,000. పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం రూ. 67,740.

నేను: ఓన్ డ్యామేజ్ 13,650 + జీరో డిప్రిసియేషన్, బ్యాటరీ ప్రొటెక్షన్ కలిపి 9,000 + థర్డ్ పార్టీ 20,907. పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం రూ. 51,397.

మిగిలింది రూ. 16,343. ఇంకా చవకగా 44 వేలకి కూడా ఒక కోట్ వచ్చింది. తెరిచి చూస్తే ఐడీవీ తగ్గించి, బ్యాటరీ కవర్ తీసేసి ఉంది. ఆ ఏడు వేల కోసం ఒకసారి మా అన్న బిల్లు గుర్తు చేసుకున్నా, ట్యాబ్ క్లోజ్ చేశా.

మీరు కూడా కోట్లు పోల్చేటప్పుడు కింద ఉన్న టోటల్ కాదు, ముందు ఐడీవీ ఒకటేనా, యాడ్-ఆన్లు ఒకటేనా చూడండి. అవి రెండూ సమానమయ్యాకే ఏది చవకో తెలుస్తుంది.