2025లో ద్రవ్యోల్బణం సున్నాకు దగ్గరగా వచ్చినా, దిల్లీలో సీజన్ రాగానే జేబు ఎందుకు ఖాళీ అయింది?

కరోల్ బాగ్ మెట్రో స్టేషన్ బయట ఆటో కోసం నిల్చున్నా. ఇంటి నుంచి ఫోన్ వస్తే తెలుగులో మాట్లాడుతూనే, ఆగిన ఆటోను ఆంధ్రా భవన్‌కు ఎంత అని అడిగా. 'దిల్లీ చూడ్డానికి వచ్చారా?' అని హిందీలో అడిగిన డ్రైవర్, 250 రూపాయలు అన్నాడు. ఇక్కడే ఉంటున్నానని చెబితే 200కు దిగాడు. మీటర్ వేయమంటే ఒకటే మాట: 'సీజన్ హై.'

2023 జనవరిలో దిల్లీ ప్రభుత్వం సవరించిన రేట్ల ప్రకారం మొదటి ఒకటిన్నర కిలోమీటర్లకు 30 రూపాయలు, ఆ తర్వాత ప్రతి కిలోమీటరుకు 11 రూపాయలు. అంటే ఏడు కిలోమీటర్లకు మీటర్ మీద పడేది సుమారు 91 రూపాయలు. నేను ఇచ్చింది దానికి రెట్టింపు కంటే ఎక్కువ.

అక్టోబర్ నుంచి మార్చి వరకు దిల్లీకి పర్యటకుల సీజన్. కార్తీక ఏకాదశి తర్వాత మొదలయ్యే ఉత్తరాది పెళ్లిళ్లు, క్రిస్మస్ సెలవులు, ఆ వెంటనే మన సంక్రాంతి ప్రయాణాలు అన్నీ ఇందులోనే వస్తాయి. మరోవైపు అధికారిక లెక్క చూస్తే, దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం 2025 అక్టోబర్‌లో 0.25 శాతం. 2012 ఆధార సంవత్సరంగా మొదలైన ఈ లెక్కల్లో అంత తక్కువ ఎప్పుడూ నమోదు కాలేదు. నవంబర్‌లోనూ అది 0.71 శాతమే.

మరి ఈ అంకె అబద్ధమా?

అంకె నిజమే, కానీ అది దేనితో పోల్చింది?

ముందు కూరగాయలు చూద్దాం. 2024 అక్టోబర్‌లో వాటి ధరలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 42 శాతం పెరిగాయి. 2025 అక్టోబర్‌లో 27 శాతానికి పైగా తగ్గాయి. అంటే 2023లో వంద రూపాయలకు వచ్చిన కూరగాయలు 2024లో 142 రూపాయలయ్యాయి, 2025లో దాదాపు 103కు వచ్చాయి. ధరలు కొత్తగా చవకవ్వలేదు. ఎక్కిన మెట్లు దిగి, ఉన్నచోటుకు వచ్చాయంతే. కానీ లెక్క గత ఏడాది ఇదే నెలతో కాబట్టి, దిగిన మెట్లు మాత్రమే కనిపిస్తాయి.

పైగా 2012 ఆధార సంవత్సరంగా ఉన్న ఆ సూచీలో ఆహార, పానీయాల వాటా దాదాపు 46 శాతంగా ఉండేది. రవాణా, కమ్యూనికేషన్ల వాటా 8.59 శాతమే ఉండేది. కూరగాయలు దిగితే, చార్జీలు పెరిగినా మొత్తం అంకె కిందికే చూసేది.

సీజన్ ధరలు ఇందులో కనిపించకపోవడానికీ ఈ పోలికే కారణం. సెప్టెంబర్‌లో 5,000 ఉన్న విమాన టికెట్ డిసెంబర్‌లో 9,000 అయిందనుకుందాం. గత డిసెంబర్‌లోనూ అది 9,000 ఉంటే, ఆ టికెట్ మీద వార్షిక ద్రవ్యోల్బణం సున్నా. లెక్క తప్పు కాదు. కానీ ప్రయాణికుడి జేబులోంచి 4,000 అదనంగా పోయింది. ధరలకు సీజన్ ఉంది, జీతానికి లేదు.

సీటు అదే, ధర వేరు

రైల్వే శాఖ 2025 డిసెంబర్ 26 నుంచి మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో కిలోమీటరుకు 2 పైసలు పెంచింది. దిల్లీ నుంచి హైదరాబాద్‌కు సుమారు 1,670 కిలోమీటర్లు అనుకుంటే, పెరిగింది 33 రూపాయలు. ఇది ఎవరినీ కుంగదీయదు. అసలు సమస్య ఆ ధరకు సీటు దొరక్కపోవడం.

సీటు దొరకనివారు రాజధాని, దురంతో వైపు చూస్తారు. 2016 నుంచి వీటిలో ఫ్లెక్సీ చార్జీలున్నాయి. బెర్తులు పది శాతం చొప్పున అమ్ముడవుతున్నకొద్దీ మూల ధర పెరుగుతూ 1.4 రెట్ల దాకా వెళ్తుంది. ఆలస్యంగా కొన్నవారికే పెద్ద ధర.

విమాన చార్జీలను సాధారణంగా సంస్థలే నిర్ణయిస్తాయి. 2025 డిసెంబర్ మొదట్లో ఇండిగో సర్వీసులు భారీగా రద్దై ధరలు చుక్కలనంటడంతో, కేంద్రం డిసెంబర్ 6న పరిమితి పెట్టింది. హైదరాబాద్, విశాఖ ఉండే 1,000 - 1,500 కిలోమీటర్ల శ్రేణికి అది పన్నులు కాకుండా 15,000 రూపాయలు. అది కూడా ఎకానమీ తరగతికి, ఒకవైపు ప్రయాణానికి.

యాప్ క్యాబ్‌లదీ ఇదే దారి. రద్దీ వేళల్లో మూల చార్జీకి రెండింతల వరకు తీసుకోవచ్చని కేంద్రం 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. అంతకుముందు పరిమితి ఒకటిన్నర రెట్లు. వీటిని అమల్లోకి తేవాల్సింది రాష్ట్రాలు.

పొగ కూడా ఖర్చే

దిల్లీలో పర్యటకుల సీజన్, కాలుష్యం సీజన్ ఒకేసారి వస్తాయి. గాలి బాగా పాడైతే గ్రాప్ ఆంక్షలు మొదలవుతాయి. రెండో దశలో పార్కింగ్ రుసుము పెంపు ఉంది. మూడో దశలో దిల్లీ, గురుగ్రామ్, ఫరీదాబాద్, గాజియాబాద్, నోయిడాల్లో బీఎస్-3 పెట్రోల్, బీఎస్-4 డీజిల్ కార్లను ఆపేస్తారు. రోడ్డు మీద బండ్లు తగ్గేది సరిగ్గా జనం పెరిగే రోజుల్లోనే.

మెట్రో ఉంది కదా అనొచ్చు. నిజమే, సీజన్‌ను బట్టి ధర మారని కొద్ది సేవల్లో అదొకటి. కానీ 2025 ఆగస్టు 25న, ఎనిమిదేళ్ల తర్వాత, దాని చార్జీలు కూడా పెరిగాయి. గరిష్ఠం 60 నుంచి 64 రూపాయలైంది. నోయిడా నుంచి గురుగ్రామ్ వెళ్లొచ్చే ఉద్యోగికి నెలకు 25 రోజుల లెక్కన 200 రూపాయలు అదనం.

భారం ఎవరిది?

విహారానికి వచ్చినవారు ధర ఎక్కువైతే ప్రయాణం వాయిదా వేసుకుంటారు. ఆ అవకాశం లేనివారున్నారు. సివిల్స్ ఇంటర్వ్యూకు వచ్చే అభ్యర్థి, ఎయిమ్స్‌లో చూపించుకోవడానికి వచ్చిన రోగి వెంట ఉండే కుటుంబం, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో చదువుకుంటూ పండక్కి ఊరెళ్లాలనుకునే విద్యార్థి. వీళ్లూ పర్యటకులతో పాటే అదే గదికి, అదే సీటుకు పోటీపడాలి.

7,500 లోపు హోటల్ గదులపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 2,000 రూపాయల గది 2,240 నుంచి 2,100కు దిగాలి. కానీ సీజన్ పేరుతో గది ధరనే 2,500 చేస్తే బిల్లు 2,625. తగ్గిన పన్ను కాగితం మీదే మిగులుతుంది.

ఆటోవాలానూ పూర్తిగా తప్పుపట్టలేం. మే నెల మండుటెండల్లో సవారీలు లేని రోజుల నష్టాన్ని ఆయన ఈ నెలల్లోనే పూడ్చుకోవాలి. కాకపోతే ఆ భారం మీటర్ గురించి వాదించలేనివారి మీద, భాష రానివారి మీద ఎక్కువగా పడుతోంది.

మనం చేయగలిగేది

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది. సంక్రాంతి టికెట్‌కు నవంబర్ మధ్యలోనే సిద్ధంగా ఉండాలి. విమానాశ్రయం నుంచి నగరంలోకి మెట్రో ఉంది. ఆటో ఎక్కేముందు దూరం చూసుకుని, మీటర్ లెక్క మనసులో వేసుకుంటే బేరానికి ఒక ఆధారం దొరుకుతుంది.

కానీ వ్యక్తులు జాగ్రత్తపడితే తీరే సమస్య ఇది కాదు. విమాన చార్జీకి పరిమితి పెట్టడానికి సంక్షోభం రావాల్సి వచ్చింది. పండగ ఏ తేదీన వస్తుందో మాత్రం ఏడాది ముందే అందరికీ తెలుసు. అదనపు రైళ్లు, మీటర్ల తనిఖీ, చార్జీలకు హద్దు, ఇవన్నీ ఆ తేదీకి ముందే సిద్ధం చేయొచ్చు.